ముందు బసలు, తర్వాతే దారి: థార్ ఎడారిలో ఒక విజయవాడ జట్టు కేసు

సంక్రాంతి సెలవుల్లో బండ్లేసుకుని థార్ ఎడారికి వెళ్దామనుకున్న జట్టు ఇది. సగం మంది విజయవాడ వాళ్లు, సగం మంది గుంటూరు వాళ్లు. చుట్టరికాలతో, వ్యాపార పరిచయాలతో కలిసిన కుటుంబాలు. మహీంద్రా థార్లు, ఒక జిమ్నీ, సామాన్లకు ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్. బండ్లన్నీ ఆటోనగర్‌లో అడుగు ప్లేట్లు, టో హుక్కులు బిగించుకుని సిద్ధంగా ఉన్నాయి. దారి గీయడం, బసలు ఎంచడం, వెంట ఉండి నడిపించడం నా పని.

నా దగ్గరకు వచ్చేసరికే వాళ్ల ఫోన్‌లో ఒక గీత ఉంది. జైసల్మేర్ నుంచి లోద్రవా మీదుగా రామ్‌గఢ్. అక్కడ తారు రోడ్డు వదిలి తూర్పుకు తిరిగి మోహన్‌గఢ్, నాచనా, బాప్, చివరికి ఫలోదీ. ఎవరెవరో యాప్‌లో పెట్టిన ట్రాకులు అతికించి గీసిన గీత. తప్పు పట్టడానికేం లేదు గానీ, దాని మీద బస గుర్తు ఒక్కటి కూడా లేదు. అదేమిటని అడిగితే, జట్టుకు పెద్దదిక్కు లాంటి గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన, "ఎడారే కదండీ, అంతా ఖాళీయేగా. పొద్దుగూకిన చోట దిగిపోదాం" అన్నారు.

చాలామంది అడిగేదే ఆయనా అడిగారు. దారి ముందు గీసుకుని, చీకటి పడ్డ చోట టెంటు వేసుకోవడం మన వైపు నల్లమల అంచున ఒక రాత్రికైతే నడిచిపోతుంది. వరసగా రాత్రుళ్లు గడపాల్సిన చోట, పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉన్నప్పుడు నడవదు. అందుకే ఆ గీతను పక్కన పెట్టి, మొదట బసలే వెతికాను. బసలు ఖాయమయ్యాక వాటిని కలుపుతూ దారి గీశాను. వాళ్ల గీతలో సగానికి పైగా మారిపోయింది.

సూర్యుడి లెక్క

పడమటికి వెళ్తున్నాం కాబట్టి సాయంత్రాలు బాగా సాగుతాయని జట్టులో అందరి నమ్మకం. విజయవాడ రేఖాంశం 80.6 డిగ్రీలు, జైసల్మేర్‌ది 71కి కొద్దిగా తక్కువ. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున చూస్తే దాదాపు నలభై నిమిషాల తేడా వస్తుంది. కానీ జైసల్మేర్ మనకన్నా పది డిగ్రీలు ఉత్తరాన కూడా ఉంది. చలికాలంలో ఉత్తరానికి పోయేకొద్దీ పగలు కుదించుకుపోతుంది. రెండూ కలిపితే జనవరి మధ్యలో అక్కడి సాయంత్రం మనకన్నా ఇరవై నిమిషాలే ఎక్కువ. పొద్దు పొడవడం మాత్రం దాదాపు గంట ఆలస్యం, ఏడున్నర దాటాకే.

ఏడున్నరకు పొద్దు పొడిస్తే, టెంట్ల మీది మంచు ఆరేసరికి తొమ్మిది. కాఫీలు, ఉప్మా, పిల్లల్ని లేపడం, పరుపులు చుట్టడం అయ్యేసరికి పది. సాయంత్రం నాలుగు దాటాక బండి కదిలించకూడదన్నది నా షరతు, ఎందుకో కింద చెప్తాను. మధ్యాహ్నం భోజనం, ఇసుకలో దిగబడిన బండిని తీసే సమయం పోగా నికరంగా నడిచేది నాలుగున్నర గంటలు. ఇసుక, రాయి కలిసిన నేల మీద ఇలాంటి జట్టు సగటు గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు. అంటే రోజుకు 60 కిలోమీటర్లు కూడా గట్టిగానే. వాళ్ల గీతలో ఒక రోజు వాటా 110.

ఆ ఒక్క అంకె చూపించగానే "ఖాళీయేగా" అన్న పెద్దాయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

ఖాళీ ఎంత?

తర్వాత చేసిన పని మ్యాపు మీద ఎర్ర రంగు పూయడం, అంటే బస చేయకూడని చోట్లన్నీ కొట్టేయడం. ఎక్కువ సమయం దీనికే పట్టింది.

మొదట సరిహద్దు. జైసల్మేర్ జిల్లాలో పాకిస్తాన్ వైపు కొన్ని ఠాణాల పరిధిలోకి బయటి ఊళ్ల వాళ్లు వెళ్లాలంటే, భారతీయులైనా సరే, జిల్లా యంత్రాంగం అనుమతి ఉండాలి. లోంగేవాలా, తనోట్ మాత గుడి చూడాలని అందరికీ ఉంది. 1971 డిసెంబరు యుద్ధం జరిగిన చోటు కాబట్టి చూడాల్సిందే. అక్కడికి తారు రోడ్డుంది. పగలు వెళ్లి పగలే రామ్‌గఢ్‌కు తిరిగి వచ్చేట్టు పెట్టాను. రామ్‌గఢ్‌కు పడమట ఒక్క బస కూడా పెట్టలేదు. దిబ్బల అందం అటువైపే ఎక్కువని తెలిసీ పెట్టలేదు. చీకట్లో లైట్లేసుకున్న బండ్ల గుంపు దేశ సరిహద్దు దగ్గర కనబడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది డెజర్ట్ నేషనల్ పార్క్. 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. దేశంలో మిగిలిన బట్టమేక పక్షుల్లో ఎక్కువ భాగం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఈ పక్షి కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ అది కనబడటమే అరుదు. నేల మీద గుడ్డు పెట్టే పక్షి ఉన్న గడ్డిమైదానంలో దారి లేని చోట బండి తిప్పడం చట్టప్రకారం నేరం. నేరం కాకపోయినా నేను ఆ పని చేయించను. పార్కు దక్షిణాన ఉంది కాబట్టి ఈ దారికి పెద్దగా అడ్డు రాలేదు. పార్కు అంచున ఉన్న సమ్ దిబ్బల మోజు మాత్రం వదిలించాల్సి వచ్చింది.

మూడోది పోకరణ్ ఫైరింగ్ రేంజ్, సైన్యం గుళ్లు పేల్చి సాధన చేసే నేల. వాళ్ల పాత గీతలో నాచనా నుంచి పోకరణ్ వైపు కోసుకుంటూ పోయే ముక్క ఒకటి ఉంది. దాన్ని మొత్తంగా తీసేశాను. పేలని గుండు ఇసుక కింద ఉంటే శాటిలైట్ బొమ్మలో కనబడదు.

వీటి తర్వాత చిన్నవి. చిన్నవే గానీ మ్యాపును ఎక్కువ తినేసినవి ఇవే. తెల్లగా, చదునుగా మెరిసే ఉప్పు పల్లాలు. వానాకాలం తర్వాత తీసిన శాటిలైట్ బొమ్మలు పక్కన పెట్టి చూస్తే వాటిలో ఎక్కడెక్కడ నీళ్లు నిలుస్తాయో తెలుస్తుంది. వాన నీళ్లు ఆపి ఆ తడి మీదే పంట పండించే ఖడీన్లు. పాలీవాల్ బ్రాహ్మణుల కాలం నుంచి ఉన్న పద్ధతి ఇది, ఇప్పటికీ పండుతున్నాయి. ఊళ్ల పశువుల మేత బీళ్లు. సోలార్ కంచెలు: బాప్ పక్కనే భడ్లా సోలార్ పార్కు ఉంది, సామర్థ్యం 2,245 మెగావాట్లు. ఆ చుట్టుపక్కల కంచెలు ఎంత తొందరగా లేస్తున్నాయంటే నిరుటి బొమ్మ ఈ ఏడాదికి పనికిరాదు. బావులు, కుంటల చుట్టూ మరికొంత. నీళ్ల దగ్గర టెంటు వేస్తే రాత్రి నీళ్లకు వచ్చే చింకారా జింకలు, నక్కలు, ఒంటెలు మనుషుల వాసనకు వెనక్కి పోతాయి. కనీసం 60 మీటర్ల దూరమని బయట లోకమంతా చెప్పే లెక్క, ఎడారిలో నేను దాన్ని అర కిలోమీటరు చేస్తాను.

ఎర్ర రంగు పూయడం అయ్యాక మిగిలిన తెల్ల ముక్కలు చూస్తే పెద్దాయనకు ఖాళీ అంటే ఏమిటో అర్థమైంది.

ఒక్కో రాత్రికి మూడు బసలు

ఒక్కో రాత్రికీ మూడు చోట్లు రాశాను. ఒకటి అసలు బస. రెండోది దానికి గంట ముందే తగిలేది. బండి దిగబడో, ఎవరికైనా ఒంట్లో బాగోకో ఆలస్యమైతే దిగడానికి. మూడోది తారు రోడ్డు పక్కన గట్టి నేల. అందం ఏమీ ఉండదు. వాన వచ్చినా, మనిషి పడిపోయినా అక్కడికి పోతాం. మూడో చోటు దొరకని రాత్రి ఉంటే దారే మార్చాలి. ఈ నియమం వల్లే మోహన్‌గఢ్, నాచనాల మధ్య దారి కొంత దక్షిణానికి జరిగింది.

కాగితం మీద ఒక్కో బసకు నాలుగు విషయాలు. లోపలికి దారి, బయటికి దారి (రెండూ వేరు వేరుగా ఉండాలి). నేల ఏ రకం. దగ్గరి ఢాణీ ఎంత దూరం. ఢాణీ అంటే అక్కడి నాలుగైదు ఇళ్ల పల్లె. ఫోన్ సిగ్నల్ అందే ఎత్తు ఎక్కడ. చివరిది ఎందుకంటే, అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ మన దేశంలో వాడకూడదు. బయటి దేశాల వీడియోలు చూసి కొనుక్కొచ్చిన పరికరం ఒకటి ఈ జట్టులోనూ ఉంది. దాన్ని విజయవాడలోనే బీరువాలో పెట్టించాను. దానికి బదులు రోజూ రాత్రి ఏడున్నరకు విజయవాడలో ఉన్న ఒక మనిషికి మెసేజ్ వెళ్లాలి. తొమ్మిదికి కూడా అందకపోతే ఆ మనిషి ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇచ్చాం. కాబట్టి బస నుంచి పావుగంటలో సిగ్నల్ అందే మెరక ఉండి తీరాలి.

బయల్దేరే ముందు సూర్యలంక ఒడ్డున ఒక పూట టెంట్లు వేయించాను. ఇసుకలో మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పూడ్చాలి. ఆ పని చీకట్లో నేర్చుకునేది కాదు.

మొదటి రాత్రి: కావాలనే బోసి నేల

జైసల్మేర్ నుంచి లోద్రవా దాటాక రాతి నేల, పైన గులకరాళ్లు. ఫొటోకు పనికిరాని చోటు. మొదటి బస అక్కడ పెట్టాను. రెండు వేల కిలోమీటర్లు నడిపి వచ్చిన వాళ్ల మొహాలు చూడాలి.

"ఇదేంటన్నా, మాచర్ల రోడ్డు పక్కన దిగినట్టుంది" అన్నాడు జిమ్నీ నడిపే కుర్రాడు.

"రేపు దిబ్బల్లో దిగుదువుగానీ, ఇవాళ టెంటు వెయ్యి చూద్దాం" అన్నాను.

టెంట్లకు ఎంత సేపు పట్టింది, ఏది ఏ పెట్టెలో ఉంది, ఎవరికి చలి ఎక్కువ, ఎవరి పరుపులో గాలి నిలవట్లేదు అన్నవి తెలియాల్సింది గట్టి నేల మీదే. ఆ రాత్రి చలి ఐదారు డిగ్రీలకు దిగింది. గుంటూరు నుంచి తెచ్చిన దుప్పట్లు చాలవని తేలి, పొద్దున్నే ఇద్దరు వెనక్కి జైసల్మేర్ వెళ్లి రజాయిలు కొనుక్కొచ్చారు. అదే దిబ్బల మధ్య తేలి ఉంటే కొనడానికి ఊరు లేదు.

రెండో రాత్రి: దిబ్బల్లో ఎక్కడ?

ఈ కేసులో అసలు ఎంపిక ఇక్కడే. రామ్‌గఢ్ దాటి తూర్పుకు తిరిగాక ఇసుక మొదలైంది. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దింపాం.

థార్‌లో దిబ్బల్ని మలిచేది ఎండాకాలపు నైరుతి గాలి. అందుకని నైరుతి వైపు వాలు మెల్లగా, గట్టిగా ఉంటుంది. ఈశాన్యం వైపు ఇసుక జారుతూ ముప్పై రెండు, ముప్పై నాలుగు డిగ్రీల నిటారు వాలు కడుతుంది. అంతకు మించి పొడి ఇసుక నిలవదు. శాటిలైట్ బొమ్మల్లో ఈ జారుడు వైపు చలికాలపు ఏటవాలు ఎండకు నీడగా కనబడుతుంది. నేను వెతికే బొమ్మలు జనవరివి, డిసెంబరువి కావడానికి కారణం అదే. నడినెత్తి ఎండలో తీసిన బొమ్మలో దిబ్బలన్నీ చదునుగానే ఉంటాయి.

అందరికీ శిఖరం మీదే మనసు. అక్కడ గాలి ఆగదు, సామాను చేతుల మీద మోయాలి, రాత్రి లేచిన మనిషి అడుగు తప్పితే జారుడు వైపు దొర్లిపోతాడు. పోనీ రెండు దిబ్బల మధ్య పల్లంలో గాలి తగలదని దిగితే అదీ పొరపాటే. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి అక్కడే చేరుతుంది. పల్లానికీ, కాస్త ఎగువన ఉన్న మెట్టకూ చలిలో తేడా ఒంటికే తెలుస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు. నేను ఎంచింది నైరుతి పాదంలో, పల్లం కన్నా రెండు మనుషుల ఎత్తున ఉన్న అరుగు లాంటి చదును. జనవరిలో అక్కడి గాలి ఉత్తర, ఈశాన్యాల నుంచి పల్చగా వీస్తుంది కాబట్టి దిబ్బే అడ్డు నిలుస్తుంది. ఎండాకాలంలో ఇదే చోటు పనికిరాదు.

ఇంతవరకూ మ్యాపు చెప్పింది. మిగతాది కాళ్లతో నడిచి చూడాలి. నాలుగింటికే ఆగాలని పట్టుబట్టేది ఇందుకే. సేవణ్ గడ్డి దుబ్బులు ఉన్నాయంటే ఇసుక కదలడం లేదని అర్థం, మంచిది. జిల్లేడు గుంపులుగా ఉంటే పశువులు తొక్కి తొక్కి వదులైన నేల, చక్రం కూరుకుపోతుంది. నేల నిండా వేలెడు, రెండు వేళ్ల బొరియలుంటే ఎడారి ఎలుకల కాలనీ. వాటి వెనకే పాము ఉంటుంది. అక్కడ ఎక్కువగా ఉండే చిన్నపింజర ఇసుక మీద పక్కవాటుగా పోతూ విడివిడి గీతలు వదులుతుంది. చలికి పాములు మందకొడిగా ఉంటాయన్నది నిజమే, మధ్యాహ్నం ఎండకు బయటికొస్తాయన్నదీ నిజమే. రాత్రి కట్లపాము భయం వేరు. కింద పడుకున్న వాళ్లనే అది కాటేస్తుంది. జిప్పు పూర్తిగా మూసుకునే టెంటు లేకుండా ఆరుబయట పడుకుంటామన్న ఇద్దరు కుర్రాళ్లను ఒప్పుకోలేదు.

నేను గుర్తు పెట్టుకొచ్చిన చోట బొరియలు ఎక్కువే ఉన్నాయి. అదే అరుగు మీద ఇంకో రెండు వందల అడుగులు ముందుకు నడిస్తే గడ్డి దుబ్బుల మధ్య శుభ్రమైన చోటు దొరికింది.

బండ్లు ఉత్తరం వైపు వరసగా, ముందు భాగం పల్లం వైపు తిప్పి ఆపించాను. పొద్దున ఎక్కువ యాక్సిలరేటర్ లేకుండా కదలాలి. ఎదురు వాలుకు ఆపిన బండి అక్కడే గుంట తవ్వుకుంటుంది. టెంటు వాకిళ్లు ఆగ్నేయానికి: గాలికి వీపు, పొద్దుటి ఎండకు మొహం. మరుగుకు వెళ్లే చోటు గాలివాటున దిగువకు, జానెడు లోతు గుంట. కాగితం మాత్రం సంచిలో వెనక్కి తేవాల్సిందే. తేమ లేని ఇసుకలో ఏదీ తొందరగా కుళ్లదు.

చలిమంట విషయంలో కొంత పట్టుదల నడిచింది. చుట్టూ ఎండు కొమ్మలున్నాయి, ఏరుకుందామని. అక్కడ ఖేజ్రీ అనేది మన జమ్మి చెట్టే, దసరాకు మనం పూజ చేసేది. ఆ చెట్లను కొట్టనివ్వకుండా 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఆ నేల మీద కొమ్మ విరవడం అటుంచి, రాలిన పుల్ల కూడా ఢాణీ ఆడవాళ్ల పొయ్యికి చెందుతుంది. పికప్‌లో గ్యాస్ పొయ్యి ఉంది, జైసల్మేర్‌లో కొన్న కట్టెల మోపు ఉంది. పాత రేకు పళ్లెంలో చిన్న మంట వేసి బూడిద సంచికెత్తాం.

పొద్దున మంచుకు తడిసిన ఇసుక గట్టిగా ఉంటుంది. ఎండెక్కక ముందే దిబ్బల ముక్క దాటేయాలని ఆ ఒక్క రోజు తొమ్మిదికే కదిలించాను. గొణిగారు గానీ ఎవరి బండీ దిగబడలేదు.

కాలువ మీద ఆశ

మోహన్‌గఢ్ దగ్గర ఇందిరా గాంధీ కాలువ తగులుతుంది. పంజాబ్‌లోని హరీకే బ్యారేజీ దగ్గర మొదలై, 649 కిలోమీటర్లు వచ్చి ప్రధాన కాలువ అక్కడ ముగుస్తుంది. ఎడారిలో నీళ్లు, గట్టున చెట్ల నీడ. సాగర్ కుడి కాలువ కింద పెరిగిన వాళ్లకు ప్రాణం లేచొచ్చింది.

"కాలువ గట్టు మనకు కొత్తా అండీ? ఇక్కడే దిగుదాం" అన్నారు పెద్దాయన.

"దిగొచ్చు బాబాయ్‌గారూ, కానీ ఆ తెల్లటి పెచ్చు మీద ఒక్కసారి నడిచి చూడండి" అన్నాను.

రెండడుగులకే చెప్పు దిగబడింది. కాలువ ఊట దిగలేక పైకి ఉబికి ఉప్పు పెచ్చు కట్టిన నేల అది. అక్కడి వాళ్లు సేమ్ అంటారు. పైన ఎండినట్టుంటుంది, కింద బురద. దానికి తోడు దోమలు. ఈ కాలువ వచ్చాక పశ్చిమ రాజస్థాన్‌లో మలేరియా పెరిగింది, 1994లో పెద్ద ఎత్తునే వచ్చింది. మూడో కారణం, ఆ నేలంతా రైతులకు కేటాయించిన చెక్కలు. ఖాళీగా కనబడిన ముక్కకు కూడా పట్టాదారు ఉంటాడు. కాబట్టి కాలువ దగ్గర నీళ్ల డబ్బాలు మాత్రం నింపుకున్నాం, అవీ చేతులూ గిన్నెలూ కడగడానికి. తాగేవి జైసల్మేర్ నుంచి తెచ్చినవే. మనిషికి రోజుకు తాగడానికీ వంటకూ కలిపి ఆరు లీటర్ల చొప్పున పెట్టాను, స్నానాలకు సున్నా.

కాలువకు నాలుగైదు కిలోమీటర్ల అవతల, మెరక మీద పంట లేని చోట బస. పక్కనే ఢాణీ. అడగకుండా టెంటు వేయను, ఎంత బీడైనా సరే. నేనూ, పెద్దాయనా కలిసి వెళ్లి "రామ్ రామ్ సా" అని పలకరించాం. ఆ ఇంటి యజమాని వచ్చి చోటు చూసి తల అడ్డంగా ఊపాడు. మేం అనుకున్న చోటుకు వంద గజాల్లో జమ్మి చెట్ల గుంపు కింద సిందూరం పూసిన రాయి ఉంది. అది ఓరణ్, అంటే దేవత పేరున వదిలిన అడవి. దాంట్లో కొమ్మ విరవరు, గొడ్డలి దించరు. అంచు ఎక్కడివరకో ఏ మ్యాపులోనూ లేదు. ఆయనే కాలితో గీత గీసి చూపించి, అటు పక్క మెట్ట మీద వేసుకోండి అన్నాడు. జరిగాం.

ఆయన జీలకర్ర వేశాడని తెలిశాక మన మిర్చి వ్యాపారికి ఆ సాయంత్రానికి ఇంకేం కావాలి! గుజరాత్ ఊంఝా మార్కెట్ ధర దగ్గర మొదలై గుంటూరు యార్డులో తేజ రకం దాకా, ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీలో రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఆ ఢాణీ వాళ్లు పంపిన సజ్జ రొట్టె, మజ్జిగతో ఆ పూట వంట తప్పింది.

వాన కబురు

నాచనా చేరే రోజు పొద్దున, సిగ్నల్ అందిన మెరక మీద వాతావరణ శాఖ కబురు చూశాం. పశ్చిమ కల్లోలం, అంటే పడమటి నుంచి వచ్చే చలికాలపు వాన మబ్బులు, వస్తోంది; రాత్రికి జల్లులు. చలికాలంలో ఇలా పడే వానను అక్కడ మావఠ్ అంటారు. రబీ పంటకు వరం. జైసల్మేర్‌కు ఏడాదంతా కలిపి రెండు వందల మిల్లీమీటర్లకు అటూఇటూగానే పడుతుంది. అంత తక్కువ వానకు భయమేంటని జట్టులో ఒకాయన నవ్వారు.

వాన తక్కువే, దాన్ని తాగే నేలే సమస్య. ఆ రోజు అసలు బస ఒక ఉప్పు పల్లం ఒడ్డున ఎత్తు మీద ఉంది. బస మునగదు, కానీ దాని బయటి దారి రెండు వైపులా ఆ పల్లం మీదుగానే పోతుంది. ఎండినప్పుడు బల్లలా ఉండే మెత్తటి ఒండ్రు అది, పైన వేలెడు తడిస్తే చాలు, మన నల్లరేగడిలో జూలైలో దిగిన ట్రాక్టరు గతే. గుంటూరు వాళ్లకు ఇక వివరించాల్సిన పని లేకపోయింది. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్‌లో జరిగింది కూడా చెప్పాను. ఎడారి ఊరు వరదలో మునిగింది. కింద జిప్సం పొర ఉండటంతో నీళ్లు ఇంకలేదు, నెలల తరబడి అలాగే నిలిచాయి. ఆ వానకూ ఈ జల్లులకూ పోలిక లేదు. నీళ్లు దిగని నేల పోలిక మాత్రం ఉంది.

మూడో చోటుకు పోదామన్నాను. నాచనా ఊరి బయట, రోడ్డుకు ఆనుకుని గులక నేల. పక్కన లారీలు ఆగే ధాబా. ఇంత దూరం వచ్చి ధాబా పక్కన పడుకోవడమా అని జట్టులో ఆడవాళ్లు కూడా నొచ్చుకున్నారు. ఒక వదినగారు సూటిగానే అడిగారు: "పడుతుందో లేదో తెలియని వానకా, అన్నయ్యా?"

"పడకపోతే మనకు పోయేది ఒక్క ఫొటోనమ్మా. పడితే రెండు రోజులు అక్కడే ఉండాలి, తాగే నీళ్లు రోజున్నరకే ఉన్నాయి."

నీళ్ల లెక్క విన్నాక వాదన ఆగింది. రాత్రి పదకొండుకు మొదలై తెల్లవారుజాము దాకా సన్నగా కురిసింది. పొద్దున పికప్ ఒక్కదాన్ని తీసుకుని ఆ పల్లం అంచుకు వెళ్లి చూశాను. పాత చక్రాల గాడిలో నీళ్లున్నాయి. కాలు పెడితే బూటు అడుగున రెండంగుళాల మట్టి పట్టుకొచ్చింది. ఫొటో తీసి జట్టుకు చూపించాను. అక్కణ్ణుంచి బాప్ వరకు ఇసుక దారి వదిలి తారు రోడ్డునే వెళ్లాం.

చివరి రాత్రి గురించి పెద్దగా రాయడానికేం లేదు. బాప్ చుట్టుపక్కల నేను గుర్తించిన రెండు చోట్లలో ఒకదానికి కొత్త కంచె వచ్చేసింది, రెండోదాని మీదుగా హైటెన్షన్ తీగలు. ఫలోదీలో లాడ్జి తీసుకున్నాం. పొద్దున్నే ఖీచన్ వెళ్లి, చలికాలానికి వచ్చే కుర్జా కొంగల్ని వేల సంఖ్యలో చూసి, టైర్లలో గాలి 33కి ఎక్కించుకుని ఇంటి దారి పట్టారు.

కాగితంలో మార్పులు

తిరిగొచ్చాక బస కాగితాలు ఇలా దిద్దాను. లోద్రవా బస అలాగే ఉంటుంది. జట్టు ఎంత అనుభవం ఉన్నదైనా మొదటి రాత్రి అక్కడే. రామ్‌గఢ్ దిబ్బల అరుగుకు గుర్తు రెండు వందల అడుగులు తూర్పుకు జరిపి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అని పక్కన రాశాను. మోహన్‌గఢ్ దగ్గర ఓరణ్ అంచు, ఆ రైతు చూపించినంత మేర మ్యాపులో ఎక్కించాను. ఉప్పు పల్లం ఒడ్డు బసను అసలు జాబితా నుంచి తీసి, అంతకు ముందు వారం రోజులూ వాన లేనప్పుడే వాడే పట్టికలో పెట్టాను. బాప్ చోట్లు రెండూ కొట్టేశాను.

తర్వాత ఇదే దారి అడిగింది మోటార్‌సైకిళ్ల జట్టు, తెనాలి కుర్రాళ్లు. వాళ్లకు పికప్ లేదు. మనిషికి ఆరు లీటర్ల చొప్పున నీళ్లు బండి మీద మోయలేరు. అందుకని ప్రతి బసా తారు రోడ్డుకు పదిహేను కిలోమీటర్ల లోపే ఉండేట్టు దారి మళ్లీ మొదటి నుంచి గీస్తున్నాను.